మారేడు గడ్డలు, సుగంధిపాల ఒకటేనా? నన్నారి షర్బత్‌కి అసలు వేరు ఏది?

గట్టుమీద_తీగ అడిగిన ప్రశ్న:

మా వైపు (కడప జిల్లా) సంతలో నన్నారి కొమ్ములని, మారేడు గడ్డలని బొటనవేలంత లావున్న వేర్లు అమ్ముతారు. మూలికల అంగడికి పోయి సుగంధిపాల అడిగితే పెన్సిల్‌కన్నా సన్నగా, తీగముక్కల్లా ఉన్న ఎండువేర్లు పొట్లం కట్టిచ్చారు. రెండూ గోటితో గీకి చూస్తే వాసన మాత్రం ఒకటే. ముదిరిన వేరు, లేత వేరు తేడానా? వేరే మొక్కలా?

ఇంకో రెండు సంగతులు. లావు గడ్డలతో షర్బత్ చేశాం. లీటరు నీళ్లలో దంచిన గడ్డలేసి అరగంట మరగబెట్టి, వడగట్టి, కేజీ చక్కెర కలిపి మళ్లీ పొంగు రానిచ్చాం. మరిగేటప్పుడు వీధి చివరిదాకా వాసన. సీసాలో పోశాక వాసన అంతంతమాత్రం, పైగా పదో రోజుకి నురగ, పులిసిన వాసన. ఎక్కడ తప్పు?

పొలం గట్టున కంచెకి అల్లుకున్న సన్నాకు తీగ ఒకటుంది, ఆకు మధ్యలో తెల్లచార. తుంచితే పాలు వస్తాయి. అది సుగంధిపాలేనా? అయితే దాన్నే పెంచుకోవచ్చా?

---

ఆకుపసరు జవాబు:

రెండూ వేర్వేరు మొక్కలండీ. కుటుంబం మాత్రం ఒకటే, ఎపోసైనేసీ. పాత పుస్తకాల్లో ఆస్క్లెపియడేసీ కింద, అంటే జిల్లేడు కుటుంబం కింద ఉంటాయి. పాలు రావడం ఆ చుట్టరికమే.

సన్నవేరు: సుగంధిపాల, కొన్ని చోట్ల పాలసుగంధి. శాస్త్రనామం హెమిడెస్మస్ ఇండికస్. ఆయుర్వేదంలో శ్వేత శారిబ అంటే ఇదే, శారిబాద్యాసవం అనే ఆయుర్వేద మందులో పడాల్సింది ఈ వేరే.

లావు గడ్డ: మారేడు గడ్డలు, మారేడు కొమ్ములు. డెకాలెపిస్ హామిల్టోనీ. శివుడికి పెట్టే మారేడుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, పేరొక్కటే కలిసింది. కన్నడం వాళ్లు మాకళి బేరు అంటారు, తమిళులు మాగాళి కిళంగు అంటారు. చిక్కంతా నన్నారి అనే మాటతో వచ్చింది. తమిళంలో నన్నారి అంటే సన్నవేరు సుగంధిపాల. ఆ మాట రాయలసీమకి వచ్చేసరికి లావు గడ్డకి అంటుకుంది. అందుకే పుస్తకంలో ఒకటి, సంతలో ఒకటి.

వాసన ఒకటే ఎందుకంటే రెండింటి వేరు నూనెలోనూ ముఖ్యమైన పదార్థం ఒకటే: 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. వెనిలాకి వాసనిచ్చే వెనిలిన్‌కి ఇది సోదర అణువు. అవే పరమాణువులు, అమరిక వేరు. కొత్తవాళ్లు నన్నారి తాగి "వెనిలాలా ఉందే" అనేది ఉత్తినే కాదు.

చేతిలో వేరు పట్టుకుని చూడాల్సినవి ఇవీ.

సుగంధిపాల వేరు సన్నం, వంకరటింకర. పైన ముదురు గోధుమరంగు బెరడు, దాని మీద అడ్డంగా ఉంగరాల్లా పగుళ్లు. రెండు చేతులతో వంచితే బెరడు ఆ పగుళ్ల దగ్గర విడిపోయి, లోపలి పసుపుపచ్చ పుల్ల బయటపడుతుంది. వాసన బెరడులో ఉంటుంది, పుల్లలో పెద్దగా ఉండదు. అంగట్లో కొనేటప్పుడు పొట్లంలో బెరడూడిన పుల్లలే ఎక్కువగా కనిపిస్తే వద్దనండి.

మారేడు గడ్డ కండగా ఉంటుంది. ఒకే మొదలు నుంచి గుత్తిగా దిగుతుంది. వేలి లావు నుంచి 5, 6 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. కోస్తే లోపల మీగడరంగు కండ, నట్టనడుమ నారలాంటి గట్టి పుల్ల. ఎండితే నిలువుగా ముడతలు పడుతుంది.

మొక్క మీద ఉన్నప్పుడైతే పొరపడే అవకాశమే లేదు. సుగంధిపాల నేలమీద పాకుతూనో, కంచెకి చుట్టుకునో ఉండే సన్నని తీగ. ఆకులు ఎదురెదురుగా, సన్నగా పొడుగ్గా, నడిమి ఈనె వెంట తెల్లచారతో ఉంటాయి. ఒకే తీగ మీద కొన్ని ఆకులు వెడల్పుగానూ వస్తాయి, వాటి మీద చార మసకగా ఉంటుంది. పూలు ఆకు పంగలో గుత్తిగా, బయట పచ్చన, లోపల ఊదా. మరీ చిన్నవి, వంగి చూస్తే గానీ కనబడవు. మారేడు గడ్డ తీగ మొదలు దగ్గర కట్టెలా ముదురుతుంది, కణుపులు ఉబ్బి ఉంటాయి. ఆకు వెడల్పు, గుండ్రం వైపుకి, నున్నగా మెరుస్తుంది, చార ఉండదు. మీ గట్టు మీద ఇది రాదు. నల్లమల, వెలిగొండ, శేషాచలం కొండల్లో రాళ్ల సందుల్లో, ఎండు అడవుల్లో పెరుగుతుంది. దక్షిణాది కొండల్లో తప్ప ప్రపంచంలో ఎక్కడా సహజంగా లేదు.

మీరు చెప్పిన చారల తీగ దాదాపుగా సుగంధిపాలే. అయినా తవ్వి వాసన చూడకుండా నోట పెట్టుకోవద్దు. పాలు కారే తీగలు కంచెల్లో చాలా ఉంటాయి. నల్లతీగకి లేత కొమ్మల మీద తుప్పురంగు నూగు ఉంటుంది. అడవిపాలతీగ ఆకు పెద్దది, అడుగున తెల్లగా, పక్క ఈనెలు దగ్గర దగ్గరగా గీతలు గీసినట్టు ఉంటాయి. ఈ రెండింటినీ కృష్ణశారిబ పేరుతో వాడతారు గానీ వేరుకి ఈ వాసన రాదు. అసలు భయపడాల్సింది గంటల్లాంటి పెద్ద ఊదాపూల రబ్బరు తీగకి. దళసరి ఆకు, బోలెడు పాలు. అందులో గుండె మీద పనిచేసే విషం ఉంది. బీడు భూముల్లో, చెరువు గట్లమీద విపరీతంగా అల్లుకుని ఉంటుంది.

---

సోడాబండి జవాబు:

షర్బత్ సంగతి నేను చెప్తాను. మీరు చేసినవి రెండు తప్పులు. ఒకటి వాసనని పోగొట్టింది, ఇంకొకటి పులిసేలా చేసింది.

ఆ వాసన పదార్థం నీటి ఆవిరితో కలిసి ఎగిరిపోయే రకం. వేరు నూనె తీసేవాళ్లు ఆవిరి పట్టి తీసేది అందుకే. మూతలేని గిన్నెలో అరగంట మరిగిస్తే ఆ నూనె వీధికి పోతుంది, సీసాకి రాదు. వీధి చివర్లో వాసన వచ్చిందంటే మీ డబ్బు గాల్లో పోతోందని లెక్క.

రెండోది చక్కెర లెక్క. లీటరు కషాయానికి కేజీ చక్కెర అంటే తూకంలో సగం నీళ్లు, సగం చక్కెర. 50 శాతం దగ్గర ఈస్టు హాయిగా బతుకుతుంది. పాకం బయట నిలవాలంటే చక్కెర 65 శాతం దాకా ఉండాలి, అంటే కేజీ చక్కెరకి నీళ్లు 540 మి.లీ. మించకూడదు. మీ కొలతతో ఆ చిక్కదనం రావాలంటే 460 మి.లీ. నీటిని మరిగించి ఎగరగొట్టాలి. ఎగరగొడితే వాసన పోతుంది, ఎగరగొట్టకపోతే పులుస్తుంది. అందుకని మొదటే తక్కువ నీళ్లతో తీయాలి.

కేజీ చక్కెరకి కొలత: ఎండు సుగంధిపాల వేరు 60 గ్రాములు, లేదా పచ్చి మారేడు గడ్డ 150 గ్రాములు (నడిమి పుల్ల తీసేశాక తూకం).

వేరుని నీళ్లలో పది నిమిషాలు నాననిచ్చి బ్రష్షుతో రుద్ది కడగాలి. పగుళ్లలో మట్టి మిగిలితే షర్బత్‌కి మట్టి రుచి వస్తుంది, మసకగానూ ఉంటుంది. సుగంధిపాల అయితే రోట్లో వేసి తేలిగ్గా దంచితే బెరడు విడిపోతుంది. పుల్లలు ఏరి పారేసి బెరడుని రవ్వలా చేసుకోండి. మెత్తని పొడి చేశారో, ఎన్ని బట్టలు పెట్టి వడగట్టినా అడుగున బురద పేరుకుంటుంది. గడ్డ అయితే తొక్కుతోనే నిలువుగా చీల్చి, పుల్ల లాగేసి, బిళ్లలుగా తరిగి కచ్చాపచ్చాగా దంచాలి. తొక్క తీయకండి, అక్కడా వాసన ఉంది.

స్టీలు గిన్నెలో ఆ ముక్కలేసి, 650 మి.లీ. నీళ్లు బాగా మరిగించి పైన పోసి, వెంటనే బిగుతైన మూత పెట్టండి. పొయ్యి మీద పెట్టే పని లేదు. రాత్రంతా, 10 గంటలైనా ఉండాలి. తెల్లారి పలచటి బట్టలో వడగట్టి పిండితే 500 మి.లీ. అటూఇటూగా వస్తుంది. అందులో కేజీ చక్కెర వేసి, మూత పెట్టి సన్నమంట మీద కరగనివ్వండి. ఒక్క పొంగు రాగానే దించేసి, ఒక నిమ్మకాయ రసం పిండండి. నిమ్మరసం రుచికే కాదు. చక్కెరలో కొంత భాగాన్ని విడగొట్టి, సీసాలో కలకండలా గింజకట్టకుండా చూస్తుంది. వేడివేడిగా ఉన్నప్పుడే, మరుగునీళ్లతో కడిగి ఎండబెట్టిన గాజు సీసాలో మెడ దాకా నింపి మూత బిగించండి. లీటరుకి కాస్త పైన వస్తుంది. తడి గరిటె తగిలిందా, 65 శాతమైనా సరే పైన బూజు పడుతుంది.

రంగు చూసి కంగారు పడొద్దు. అసలు రంగు లేత గోధుమరంగే. బండిమీద దొరికే ముదురు రంగు మాడ్చిన చక్కెరది. ఆ రంగు కావాలంటే కేజీలో రెండు చెంచాల చక్కెర విడిగా తీసి, ఎర్రగా మాడ్చి, కషాయంతో కరిగించి కలుపుకోండి. మరీ నల్లగా మాడిస్తే చేదొస్తుంది.

200 మి.లీ. గ్లాసుకి 30 మి.లీ. పాకం, అర నిమ్మచెక్క, 15 నిమిషాలు నానబెట్టిన సబ్జా గింజలు ఒక చెంచా, పైన చల్లటి సోడా. సోడా ఆఖర్న పోయాలి, మొదట పోస్తే గ్యాసంతా కలపడంలోనే పోతుంది.

---

పాతరోలు జవాబు:

మరగబెట్టకుండా కషాయమేంటండీ? పూర్వం నుంచీ నాలుగో వంతు మిగిలేదాకా కాచేవాళ్లు కదా.

---

సోడాబండి జవాబు:

అది మందు కషాయం. నీళ్లలో కరిగే చేదు, వగరు పదార్థాలు దిగాలని కాస్తారు, వాసన ఉన్నా పోయినా పర్లేదు. షర్బత్‌కి కావాల్సిందే వాసన. అలా కాచింది తాగి చూడండి, నాలుక మీద వగరు పట్టేస్తుంది.

---

మన్నెంగాలి జవాబు:

సంతలో ఆ లావు గడ్డలు కొనేముందు ఒక మాట. అవి ఎవరి చేనులోనూ పండినవి కావు. దాదాపు సరుకంతా అడవి నుంచి తవ్వి తెచ్చిందే. ఈ మొక్కకి గడ్డలే ప్రాణం. రాళ్ల సందులో గుత్తంతా గునపంతో పెకిలిస్తే తీగ చచ్చినట్టే. మళ్లీ విత్తనంతో రావడం అంత తేలిక కాదు. రాయలసీమ నన్నారి, తమిళుల ఊరగాయ, పైగా సుగంధిపాల పేరుతో మందుల అంగళ్లకి పోయే సరుకు, ఈ మూడు గిరాకీలూ ఒక్క మొక్క మీదే పడ్డాయి. అంతరించే ముప్పున్న మొక్కల లెక్కలో దీన్ని చేర్చింది అందుకే.

చెంచులు, యానాదులు ఎన్నో తరాలుగా తవ్వుతున్నదే కదా అంటారు. తవ్వే పద్ధతిలో ఉంది తేడా. మొదలుకి ఒక పక్క మాత్రమే మట్టి తీసి, మొదలు నుంచి జానెడు వదిలి లావు గడ్డలు కోసుకుని, సన్నవి వదిలేసి, మట్టి కప్పి రాయి పెట్టాలి. రెండో పక్కకి మళ్లీ రెండు మూడేళ్ల దాకా పోకూడదు. కాయలు పగిలి గింజలు గాలికి ఎగిరాక తవ్వడం ఇంకా మంచిది. కేజీల లెక్కన డబ్బు చేతికొచ్చే చోట ఇంత ఓపిక ఎవరికీ ఉండదు, గుత్తంతా లాగేస్తారు. దోషం తవ్వేవాడిది ఒక్కడిదే కాదు, మొత్తం గుత్తికే మంచి ధర పెట్టేవాడిదీ.

రిజర్వు అడవిలో ఎవరు పడితే వాళ్లు తవ్వితే 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద కేసవుతుంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తులు సేకరించి అమ్ముకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టం కింద గిరిజనులకి, తరతరాలుగా అడవి మీద బతికేవాళ్లకి ఉంది. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, వాళ్ల దగ్గర అటవీ సరుకు కొంటుంది. సంతలో ఎవరు ఎక్కడ తవ్వారో తెలియని గడ్డ కన్నా ఆ దారిలో వచ్చింది మేలు.

షర్బత్ ఒక్కటే కావాలంటే సన్నవేరు సుగంధిపాలతో చేసుకోండి. మైదానాల్లో, గట్లమీద, ఎర్రగరప నేలల్లో ఎక్కడైనా వస్తుంది. వేరు తవ్వేటప్పుడు తెగి నేలలో మిగిలిన ముక్క కూడా మళ్లీ చిగురిస్తుంది. రుచిలో తేడా పట్టేవాళ్లు తక్కువ.

---

నారుమడి జవాబు:

పెంచడం గురించి.

సుగంధిపాలకి గింజ వెంట పడొద్దు. వేరు ముక్కలే సులువు. పెన్సిల్ లావు వేరుని 3 నుంచి 5 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, ఇసుక, ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో నింపిన సంచుల్లో నిలువుగా గుచ్చండి. మొదలు వైపు పైకి ఉండాలి. కోసేటప్పుడే పై కొనని అడ్డంగా, కింది కొనని ఏటవాలుగా కోస్తే తర్వాత తికమక ఉండదు. తలకిందులుగా గుచ్చిన ముక్కలు చాలావరకు కుళ్లుతాయి. నీడలో పెట్టి తేమ ఆరనివ్వకుండా చూస్తే నెలన్నర రెండు నెలల్లో నాటుకునే సైజుకి వస్తాయి. వానలు పడ్డాక గట్టున మూరెడు దూరంలో ఒక్కోటి నాటండి. పాకడానికి కంచె ఉంటే చాలు.

వేరు తీయడానికి రెండు, రెండున్నరేళ్లు ఆగాలి. ఏడాదికే తవ్వితే దారపు పోగుల్లాంటివి వస్తాయి, వాటిలో బెరడు తక్కువ. నేల గట్టిదైతే తవ్వకం కూలే వేరు ధరని మించుతుంది. ఎకరాలకి ఎకరాలు వేసి లాభం చూద్దామనుకుంటే మొదట ఈ లెక్క వేసుకోండి. గట్టు మీద ఇంటి వాడకానికైతే ఢోకా లేదు. నీరు నిలిచే నల్లరేగడి మాత్రం వద్దు.

ఆకుల మీద నలుపు తెలుపు పట్టీలతో, వీపున కొమ్ముల్లాంటివి ఉన్న పురుగులు కనబడితే మందు కొట్టకండి. రెక్కల అంచున తెల్లచుక్కలుండే ముదురు గోధుమరంగు సీతాకోకచిలుక పిల్లలవి, అది ఈ తీగ మీద కూడా గుడ్లు పెడుతుంది. ఆకు తిన్నా తీగ మళ్లీ చిగురేస్తుంది, వేరుకి నష్టమేమీ లేదు.

మారేడు గడ్డ పెంచడం వేరే కథ. కొమ్మలు నాటితే వేళ్లు పట్టేవి తక్కువ. గింజకి కొసన పట్టుకుచ్చులాంటి దూది ఉంటుంది, కాయ పగిలితే గాలికి పోతుంది. కాయ రంగు మారుతున్నప్పుడే పలచటి గుడ్డ సంచి కట్టాలి. గింజలు చేతికందగానే విత్తాలి, నిల్వపెడితే మొలకెత్తే శక్తి త్వరగా తగ్గిపోతుంది. అందుకే కాబోలు ప్రయోగశాలల్లో కణజాల వర్ధనం (టిష్యూ కల్చర్) మీద పడ్డారు. మొలిచాక కూడా రాళ్లు కలిసిన, నీరు ఇట్టే జారిపోయే నేల కావాలి. ఒక్క వారం నీరు నిలిస్తే గడ్డ మెత్తబడి కుళ్లుతుంది.

---

గట్టుమీద_తీగ జవాబు:

అందరికీ దండాలు. గట్టు తీగ తవ్వి చూశాం: బెరడు ఉంగరాలుగా విడింది, వాసనా అదే. షర్బత్ ఇకమీదట దాంతోనే చేస్తాం. మరి కొన్న గడ్డలు ఇంకో అర కేజీ మిగిలాయి. ఊరగాయ పెడదామని తొక్క తీసి తరిగితే పది నిమిషాల్లో ముక్కలు నల్లబడ్డాయి. పాడయ్యాయా? నడిమి పుల్ల కూడా వెయ్యొచ్చా?

---

జాడీమూత జవాబు:

పాడవలేదు. కోసిన వంకాయ నల్లబడ్డట్టే, గాలి తగిలి రంగు మారింది. పుల్ల మాత్రం వెయ్యొద్దు, ఎన్నాళ్లు ఊరినా నారే.

మిగిలిన వాటికి ఇలా చేయండి. గడ్డల్ని ఒక పూట నీళ్లలో నాననివ్వండి, మట్టి వదులుతుంది, తొక్క గీకడం తేలికవుతుంది. ఊరగాయకి తొక్క తీయాలి, షర్బత్‌లాగా కాదు. ముందే పక్కన ఒక గిన్నెలో పులిసిన మజ్జిగ అర లీటరు, ఉప్పు రెండు చెంచాలు కలిపి పెట్టుకోండి. గడ్డని నిలువుగా నాలుగు చీల్చి, పుల్ల తీసి, చిన్న ముక్కలు కోస్తూ కోస్తూ మజ్జిగలోనే పడేయాలి. అన్నీ కోసి తర్వాత వేద్దామంటే మొదట కోసినవి నల్లబడిపోతాయి. అర కేజీ గడ్డలకి ముక్కలు సగానికి కాస్త అటూఇటూగా మిగులుతాయి.

మర్నాడు ముక్కల్ని పిండి తీసి, పావుకేజీ ముక్కలకి ఉప్పు 40 గ్రాములు, కారం 30 గ్రాములు, ఆవపిండి 20 గ్రాములు, పసుపు అర చెంచా, నాలుగు నిమ్మకాయల రసం కలపండి. జాడీలో ముక్క పైన రసం తేలాలి. తేలకపోతే ఇంకో నిమ్మకాయ పిండండి, నీళ్లు పోయొద్దు. రోజూ పొడి గరిటెతో ఒకసారి తిప్పుతూ ఉంటే వారం పది రోజులకి ముక్క ఘాటు తగ్గి తినేట్టు అవుతుంది. నూనె, ఇంగువ పోపు ఇష్టమైతే వేసుకోవచ్చు గానీ, ఇంగువ ఎక్కువైతే గడ్డ వాసన మీద కూర్చుంటుంది.

పెరుగన్నంలో నంజుకోవడానికి మాత్రమే, అదీ రెండు ముక్కలే. మొదటిసారి తినేవాళ్లకి ముందే చెప్పి పెట్టండి: ఈ ఊరగాయ జాడీ మూత తీస్తే సగంమంది అబ్బ అంటారు, సగంమంది నల్లి నలిపిన వాసనంటారు. ఇద్దరూ చెప్పేది ఆ ఒక్క వాసన గురించే. పురుగులకీ అది పడదు. నిల్వ గింజల్ని పురుగు నుంచి కాపాడేందుకు ఈ గడ్డ పనికొస్తుందని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) వాళ్లు పరిశోధించారు. మీరు తీసేసిన పుల్లల్ని ఎండబెట్టి కందుల డబ్బాలో వేసి చూడండి. తొక్కలూ పారేయకండి, అవి రేపటి షర్బత్ నానబెట్టేటప్పుడు పడతాయి.